కీడెంచాం సరే, మేలెంచామా?

"కీడెంచి మేలెంచు" అని మన పెద్దలు ఎప్పుడో చెప్పిపెట్టారు. ఆ మాట మనలో చాలామందికి సగమే చేరింది. పిల్లాడు బండి తాళం తీస్తే కీడెంచుతాం. అమ్మాయికి సంబంధం కుదిరితే కీడెంచుతాం. కొట్టు పెడతానన్న తమ్ముణ్ణి కూర్చోబెట్టి పదిమంది దివాలా కథలు చెప్తాం. అక్కడితో ఆగిపోతాం. రెండో సగం గుర్తుకే రాదు.

ఇంకొందరు మొదటి సగాన్ని దాటేసి నేరుగా మేలెంచడంలోకి దూకుతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పు తెచ్చి రొయ్యల చెరువు తవ్విస్తారు, తొలి పట్టుబడి కాకముందే కారు రంగు ఎంచుకుంటారు. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరేటర్లు తిప్పడానికి జనరేటర్లో డీజిల్ ఉందా అని మాత్రం చూసుకోరు.

మొదటివాళ్లకు నిరాశావాదులని పేరు, రెండోవాళ్లకు ఆశావాదులని పేరు. ఈ ఇద్దరికీ సరిగ్గా నడిమిన నిలబడ్డవాణ్ణి వాస్తవవాది అంటున్నాం. ఈ నడిమి లెక్క నాకు ఏనాడూ మింగుడుపడలేదు. సగం భయం, సగం ఆశ కలిపితే మిగిలేది తటపటాయింపే. సామెతలో చూడండి, నడిమి అన్న మాటే లేదు. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి. కీడు ఎంచేటప్పుడు మొహమాటం లేకుండా పూర్తిగా ఎంచాలి. అది అయ్యాక మేలు వైపు కూడా అంత పూర్తిగానూ తిరగాలి. ఈ రెండు పనులూ చెయ్యగలిగిన మనిషినే నేను వాస్తవవాది అంటాను.

అలాంటి మనుషులు ఒకచోట గుంపుగా కనిపించాలంటే కృష్ణా జిల్లా చల్లపల్లి వెళ్లాలి. అదీ తెల్లవారకముందే వెళ్లాలి.

విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, మొవ్వ దాటాక చల్లపల్లి వస్తుంది. యార్లగడ్డ జమీందార్ల కోట ఉన్న ఊరు. ఆ జమీందారీ భూముల కోసం పేదలు పోరాడిన ఊరు కూడా ఇదే. పక్కనున్న మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు 1964 నుంచి 1990 దాకా భారత కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. లోకం మారుతుందని నమ్మి పని చెయ్యడం ఈ నేలకు కొత్త సంగతేమీ కాదు.

2014 నవంబర్ 12న ఇక్కడ 'స్వచ్ఛ చల్లపల్లి' మొదలైంది. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతులు ముందు నిలబడ్డారు. ఊళ్లోకి వచ్చే రోడ్ల పక్కన బహిరంగ విసర్జన మాన్పించడానికి అంతకుముందే జన విజ్ఞాన వేదిక తరఫున ప్రయత్నాలు జరిగాయి. ఆ ప్రయత్నాలకు కొనసాగింపుగా, రోజూ తెల్లవారుజామున కొంతమంది కలిసి ఊరు శుభ్రం చెయ్యాలని నిర్ణయించుకున్నారు. అప్పటినుంచీ చీకటితోనే లేచి వస్తున్నారు. డాక్టర్లు, రిటైరైన మాస్టార్లు, రైతులు, వ్యాపారస్తులు, గృహిణులు. చేతుల్లో చీపుళ్లు, దంతెలు, డిప్పలు, కత్తులు. నాలుగున్నర ప్రాంతంలో మొదలుపెట్టి, ఊరు నిద్రలేచి టీ కొట్ల దగ్గర చేరేసరికి ఆ పూట పని ముగిస్తారు. 2024 నవంబర్‌కి పదేళ్లు నిండాయి. ఒకప్పుడు ముక్కు మూసుకుని నడిచిన గంగులవారిపాలెం రోడ్డుకి ఇప్పుడు పూలమొక్కలు చూడ్డానికి వెళ్తారు. శ్మశానాన్నీ, చెత్త పోసే యార్డునూ కూడా వదల్లేదు. మొక్కల పోషణకూ ఖర్చులకూ 'మనకోసం మనం' అని ఒక ట్రస్టు పెట్టుకున్నారు.

ఇదంతా సేవాభావం అని మెచ్చుకుని ఊరుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. నాకు ఇందులో కనిపించింది ఆలోచనా పద్ధతి. మామూలు ఆశావాది అయితే ఏం చేస్తాడు? గాంధీ జయంతి రోజున బ్యానర్ కట్టి, వందమందిని పోగేసి, ఊరంతా ఒక్క పూటలో ఊడ్పించి, ఫొటో దిగి, ఇక జనం మారిపోతారని నమ్మి ఇంటికెళ్తాడు. వారానికల్లా చెత్త మళ్లీ పేరుకుంటే "మనవాళ్లు మారరండీ" అని చేతులు దులుపుకుంటాడు. ఆ రోజు నుంచి అతను నిరాశావాది. మన చుట్టూ ఉన్న నిరాశావాదుల్లో చాలామంది ఇలా తయారైనవాళ్లే. పుట్టుకతో వచ్చిన గుణం కాదది, లెక్క చూసుకోని ఆశ తగిలించిన దెబ్బ.

చల్లపల్లివాళ్లు మొదటిరోజే కీడెంచారు. ఊడ్చిన చోట రేపు మళ్లీ చెత్త పడుతుందని ఒప్పుకున్నారు. పడుతుందని ఒప్పుకున్నారు కాబట్టే రేపు మళ్లీ వచ్చారు. రోజూ రావడం అన్న నియమం ఆ చేదు అంచనాలోంచే పుట్టింది. ఇక మేలెంచడం ఎలా చేశారో గమనించండి. "ఊరు మొత్తం ఎప్పటికి మారుతుంది?" అన్న ప్రశ్న జోలికి పోకుండా, ఈ పూట ఈ మలుపు నుంచి ఆ కరెంటు స్తంభం దాకా అని గిరి గీసుకున్నారు. వెలుగొచ్చేసరికి ఆ ముక్క అద్దంలా ఉంటుంది. పొద్దున్నే కళ్లముందు ఒక గెలుపు. ఇలాంటి గెలుపు రోజుకొకటి చేతికి అందుతుంటే మనిషి పదేళ్లు నడుస్తాడు. దూరాన ఉన్న పెద్ద గెలుపు ఒక్కదాని కోసం ఎదురుచూస్తూ ఎవరూ అంతకాలం నడవలేరు.

మీ పనికి దీన్ని అన్వయించుకోండి. పన్నెండు లక్షల అప్పుందనుకోండి. ఆ అంకెను రోజూ తల్చుకుంటే గుండె జారిపోతుంది. అసలు తల్చుకోకపోతే వడ్డీ పెరిగిపోతుంది. ఒకరోజు కూర్చుని ఆ అంకెను నిండుగా చూడండి. ఎవరికెంత, వడ్డీ ఎంత, ఏది ముందు తీర్చకపోతే పరువు పోతుంది, ఏది తాకట్టు విడిపిస్తుంది, అన్నీ కాగితం మీద పెట్టండి. తర్వాత ఆ కాగితం బీరువాలో పెట్టేసి, ఈ నెల కట్టాల్సిన వాయిదా ఒక్కదాన్నే గోడమీద కేలండర్లో రాయండి. అదే మీ కరెంటు స్తంభం.

చల్లపల్లి నుంచి మోపిదేవి మీదుగా పులిగడ్డ అక్విడక్ట్ దాటితే దివిసీమ. ఆశ గురించి, భయం గురించి మాట్లాడేవాడు ఒక్కసారైనా ఆ నేలమీద నిలబడాలి. 1977 నవంబర్ 19 సాయంత్రం తుఫాను తీరం దాటింది. సముద్రం పైకి లేచి ఊళ్లమీద పడింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప లాంటి తీరగ్రామాలు కొట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు సుమారు 10 వేల మంది. తుఫాను కబురు ముందు అందకపోలేదు. గాలివానలు ఏటా చూసే జనం, ఇదీ అలాంటిదేలే అనుకున్నారు. పైగా ఎక్కడికి వెళ్తారు? ఎత్తయిన పక్కా కట్టడం ఊరికొకటి కూడా లేదు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అంత ఎత్తున నీళ్లు వస్తాయని ఊహించడానికి కావలసిన భయం ఆనాటికి ఎవరి దగ్గరా లేదు, అధికారుల దగ్గరా లేదు.

ఆ తర్వాత భయపడటం నేర్చుకున్నారు. తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు లేచాయి. మచిలీపట్నంలో తుఫాన్లను కనిపెట్టే రాడార్ వచ్చింది. 1990 మే 9న తీవ్రతలో 1977కి తీసిపోని తుఫాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరాన్ని తాకింది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యిలోపు. వెయ్యి ప్రాణాలంటే చిన్న మాట కాదు, ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దీపమే. కానీ పది వేలకీ వెయ్యికీ మధ్యనున్న ఆ మనుషులు ఎలా బతికారో ఆలోచించండి. ఎక్కడో ఒక ఇంజనీరు బల్లముందు కూర్చుని, సముద్రం మళ్లీ లేస్తుంది అని కీడు ఊహించాడు. ఎంత ఎత్తు లేవొచ్చో లెక్క కట్టాడు. అంతకంటే ఎత్తున స్లాబు పోయించాడు. లేస్తుందని నమ్మడం కీడెంచడం. స్లాబు పోస్తే బతుకుతారని నమ్మడం మేలెంచడం. స్లాబు దాకా రాని కీడు మనసును తొలవడం తప్ప ఇంకేమీ చెయ్యదు.

అందుకే "అశుభం పలకకు" అని పిల్లల నోరు మూయించే ఇళ్లంటే నాకు దిగులు. ఇంటర్ పరీక్ష రాసే కొడుకు "నాన్నా, ఫిజిక్స్‌లో పోతానేమో" అన్నాడనుకోండి. "ఆ మాటే అనొద్దు, పాజిటివ్‌గా ఆలోచించు" అని కసిరితే వాడి భయం పోదు, మీ దగ్గర చెప్పుకోవడం మానేస్తాడు. "ఏ పాఠం దగ్గర పోతావనుకుంటున్నావురా?" అని అడిగి చూడండి. భయం ఒక్కసారిగా పొగమంచులోంచి బయటికొచ్చి "కరెంట్ ఎలక్ట్రిసిటీ" అని పేరు చెప్పుకుంటుంది. పేరున్న భయంతో యుద్ధం చెయ్యొచ్చు. జూలీ నోరెమ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి వాళ్లమీద ఏళ్ల తరబడి పరిశోధించారు. ఏం చెడిపోవచ్చో ముందే ఊహించుకుని దానికి సిద్ధమయ్యే స్వభావం కొందరికి ఉంటుంది. వాళ్లను బలవంతంగా ఉల్లాసపరిస్తే పని బాగుపడకపోగా దెబ్బతింటుందని ఆమె గమనించారు. భయపడేవాణ్ణి భయపడనివ్వండి. భయం చేతికి ఒక పని అప్పజెప్పండి.

భయానికి రెండో వైపున్న ఆశను చూడాలంటే అవనిగడ్డ వెళ్లాలి. డీఎస్సీ కోచింగ్ అంటే రాష్ట్రంలో ముందు గుర్తొచ్చే ఊళ్లలో అదొకటి. శ్రీకాకుళం నుంచి, రాయలసీమ నుంచి వచ్చి చిన్న చిన్న గదులు అద్దెకు తీసుకుని చదువుతారు. 2018 తర్వాత పెద్ద ఎత్తున టీచర్ పోస్టుల భర్తీ కోసం ఈ పిల్లలు ఏళ్లతరబడి ఎదురుచూశారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చింది, తర్వాత రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చేదాకా ఈ గదుల్లో జరిగిన మథనం బయటివాళ్లకు తెలియదు.

మా చిన్నాన్న కూతురు వాళ్లలో ఒకతె. పెళ్లయి, పాపను అత్తగారి దగ్గర వదిలి, ఆర్నెల్లు ఇక్కడ గదిలో ఉంది. గదిలో నలుగురు. ఒకమ్మాయి గట్టి ఆశావాది. "దసరాకి నోటిఫికేషన్ ఖాయం అక్కా" అనేది. దసరా వెళ్లింది. "సంక్రాంతికి ఖాయం." సంక్రాంతీ వెళ్లింది. "ఉగాదికి మాత్రం తప్పదు." ప్రతి పండక్కీ ఆమె కొంచెం విరిగేది. రద్దు కబురు విన్న రోజున పుస్తకాలన్నీ మూటగట్టి ఊరెళ్లిపోయింది. నలుగురిలో అందరికంటే ఎక్కువ నమ్మినది ఆమే, అందరికంటే ముందు కూలిపోయిందీ ఆమే. ఆ పిల్లది తెలివితక్కువతనం కాదు. తన చేతిలో లేని తేదీకి తన ప్రాణం కట్టేసింది, అంతే.

మా చెల్లెలు పండగల పేరు ఎత్తేది కాదు. "ఈ ఏడు రాకపోవచ్చు అన్నయ్యా, వచ్చేదాకా ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది" అని తిరిగొచ్చి ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. పొద్దున నాలుగింటికి లేచి రెండు గంటలు చదువుకునేది. నోటిఫికేషన్ వస్తుందా రాదా అన్న చర్చలు నడిచే వాట్సప్ గ్రూపుల్లోంచి బయటికొచ్చేసింది. ఇది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. నా లెక్కలో ఆ ఏడు ఆమె చేసిన అతి పెద్ద పని అదే. మన ఆశ తిండిలేక చావదు, పుకార్లు తిని చస్తుంది.

గాబ్రియేల్ ఓటింగెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ తీపి ఊహలమీదే ఎన్నో పరీక్షలు చేశారు. బరువు తగ్గాలనుకున్నవాళ్లు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, ఆపరేషన్ అయ్యి కోలుకుంటున్నవాళ్లు, ఇలా రకరకాల మనుషుల్ని చూశారు. అనుకున్నది అయిపోయినట్టు హాయిగా ఊహించుకునేవాళ్లు పనిలో వెనకబడ్డారని తేలింది. ఊహలోనే విందు తిన్న మనసు, ఇక లేచి పొయ్యి వెలిగించదు. అయితే కోరికను ఊహించి, ఆ వెంటనే దానికి తనలో ఉన్న అడ్డంకేమిటో ఊహించి, అది ఎదురైతే ఏం చెయ్యాలో అనుకున్నవాళ్లు ముందుకెళ్లారు. ఇక్కడ ఒక తేడా దాచకుండా చెప్పాలి. ఆమె చెప్పే వరుసలో ముందు కోరిక, తర్వాత అడ్డంకి. మన సామెతలో ముందు కీడు, తర్వాత మేలు. నాకు తోచింది ఇది: పనిలో దిగాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు మన సామెత వరుస మంచిది. దిగాక, రోజూ పక్కమీంచి లేవడానికి ఆమె వరుస మంచిది. ఏ వరుసలో వెళ్లినా ఒక మెట్టుమీదే చతికిలబడకూడదన్న దగ్గర ఇద్దరూ ఒకటే.

"నేను ప్రాక్టికల్ మనిషినండీ" అని చెప్పుకునేవాళ్లు మీకు తగులుతుంటారు. నాకూ తగులుతారు. వాళ్లలో సగంమంది ఎప్పుడో చేతులెత్తేసి, ఆ ఓటమికి వాస్తవవాదం అని పేరు పెట్టుకున్నవాళ్లు. కనిపెట్టడం తేలిక. వాళ్ల కష్టమంతా ఓపిగ్గా విని, "అయితే రేపు పొద్దున ఏం చేస్తున్నారు?" అని అడగండి. జవాబులో ఒక పని ఉంటే ఆ మనిషి నిజంగా వాస్తవవాదే. జవాబులో మళ్లీ కష్టమే ఉంటే, పాపం, కీడెంచడంలోనే ఇరుక్కుపోయాడు. అదే ప్రశ్న నెలకొకసారి మనమూ వేసుకోవాలి.

ఒక్కమాట. రాత్రిళ్లు నిద్ర లేకుండా, అన్నం సయించకుండా, వారాల తరబడి ఏ మంచీ కనిపించకుండా ఉంటే అది దృక్పథం సంగతి కాదు. అది జబ్బు. షుగర్‌కి మందు వేసుకున్నట్టు దానికీ వైద్యం ఉంది. అలాంటివాళ్లకు నీతులు చెప్పకండి, నా ఈ వ్యాసం కూడా ఇవ్వకండి. టెలీ మానస్ అని 14416 నంబరుకి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.

కీడూ మేలూ రెండూ ఎంచడం నేను దగ్గరగా చూసింది మా మేనమామ దగ్గర. ఘంటసాల మండలంలో అయిదెకరాలు చేస్తాడు, మూడు సొంతం, రెండు కౌలు. 2023 డిసెంబర్ మొదట్లో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. రెండెకరాలు కోసి పనలమీద ఉంది. మాగాణిలో మామూలే కదా, కోతకు రెండు రోజుల ముందే అందులో మినుములు చల్లేశాడు. మిగతా మూడెకరాలు చేనుమీదే ఉంది. టీవీలో మిగ్‌జాం తుఫాను కోస్తా వైపు వస్తోందని మొదలైంది.

ఆ సాయంత్రం అరుగుమీద ముగ్గురు రైతులు కూర్చున్నారు. ఒకాయన "ఒంగోలు వైపు పోద్దిలే, మనకేం కాదు" అన్నాడు. మిషన్ దొరికిందని మర్నాడే చేనంతా కోయించి, పచ్చిధాన్యం రోడ్డుమీద పోయించాడు. రెండో ఆయన "మన రాత ఇంతే, ఇక పోయినట్టే" అని కండువా తలకు చుట్టుకుని పడుకోవడానికి వెళ్లిపోయాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ కష్టజీవులే.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేళ్లమీద లెక్క మొదలుపెట్టాడు. "పన్నెండు మంది కూలీలు దొరికితే ఒక ఎకరం కుప్ప ఎక్కుద్ది. రెండోది తడిసిద్ది. తడిసిద్దనే అనుకుందాం. చేనుమీదున్నది పడిపోద్ది. పడ్డా వెన్ను నీళ్లలో నానకుండా ఉంటే సగానికి పైగా దక్కుద్ది." అంటే రాబోయే నష్టాన్నంతా నోటితో ఒప్పేసుకున్నాడు. అత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం ఒప్పుకోగానే తేలికపడ్డట్టు లేచాడు. "ఒరేయ్, పార ఇటందుకో" అన్నాడు.

ఆ రాత్రి టార్చిలైటు నేను పట్టుకున్నాను. చేను చివర మురుగు బోదె రెండేళ్లుగా గుర్రపుడెక్క, తూటికాడ పట్టి పూడుకుపోయి ఉంది. ఆ బురద ఎత్తి గట్టుమీద వేస్తూ పోయాడు. నలభై గజాలు తవ్వేసరికి పన్నెండు దాటింది. గట్టుకి రెండు చోట్ల గండ్లు కొట్టాడు. పొద్దున్నే పదిమంది కూలీలే వచ్చారు. ఎకరం కంటే కాస్త తక్కువే కుప్ప ఎక్కింది. బరకాలు కప్పి, తాళ్లు బిగించి, అంచులకు ఇటుకలు పెట్టాం. సాయంత్రం ఆయన చల్లపల్లి వెళ్లి ఒక ఉప్పు బస్తా తెచ్చాడు. తుఫాను రాకముందే ఉప్పెందుకని అడిగాను. "వానొచ్చాక కొట్లో ఉప్పుంటదేంట్రా?" అన్నాడు.

డిసెంబర్ 5న తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు రాత్రంతా వాన. చేను చాప పరిచినట్టు పడిపోయింది. వాన తెరిపివ్వగానే ఆయన బోదె దగ్గరికే పరిగెత్తాడు. నీళ్లు మడిలోంచి గండ్ల గుండా బోదెలోకి గలగలా దిగుతున్నాయి. తడిసిన పనలను గట్లమీదికి తిరగేశాం. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి, స్ప్రేయర్‌తో వెన్నులమీద కొట్టాం. ఉప్పునీళ్లు పడితే తడిసిన గింజకు మొలక రావడం ఆగుతుంది. వీపున డబ్బా మోస్తూ ఒక్కో పన చుట్టూ తిరుగుతుంటే ఆయన పంచె మోకాళ్లదాకా బురద. పొరుగాయన వచ్చి గట్టుమీద నిలబడి చూశాడు. మామయ్య ఏమీ అనలేదు, మిగిలిన సగం బస్తా ఉప్పు ఆయనకిచ్చి పంపాడు.

అన్నీ దక్కలేదు. ఎకరానికి పది బస్తాలు తగ్గాయి. తేమ 17 శాతం దాటితే కొనరు కాబట్టి ధాన్యం ఎండబెట్టడానికే వారం పట్టింది. రంగు మారిందని రేటూ తగ్గింది. కోసిన మళ్లలో చల్లిన మినుములు నీళ్లలో కుళ్లిపోయాయి. విత్తనం ఖర్చు, చల్లిన కూలి అన్నీ పోయాయి. ఆ మడి దగ్గర ఆయన చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. నేను పలకరించలేదు.

అవనిగడ్డలో చదివిన మా చెల్లెలికి కూడా మెగా డీఎస్సీలో ఉద్యోగం రాలేదు. ఫలితం చూసుకున్న రోజున ఏడ్చింది, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ఫోన్ చేసి, "లెక్కల మెథడాలజీలో పోయాయన్నయ్యా మార్కులు, మిగతావి పర్లేదు" అంది. ఇంటిముందు వరండాలో అయిదో తరగతి పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టింది, లెక్కలే చెప్తోంది.

మిగ్‌జాం తుఫాను తర్వాతి జనవరిలో, సంక్రాంతికి మామయ్య ఊరు మళ్లీ వెళ్లాను. కుళ్లిన మళ్లు ఆరాక ఒక ఎకరంలో మినుమే మళ్లీ చల్లాడట, అదను దాటిందని రెండోదాంట్లో పెసర వేశాడు. రెండూ జానెడెత్తు లేచాయి. చేను చివరికి నడిచి చూస్తే మురుగు బోదె తవ్విన పాటునే ఉంది, అడుగున నాలుగు వేళ్ల నీళ్లు. పక్క రైతు ట్రాక్టరు అవతలికి వెళ్లడానికి అడ్డంగా ఉందని, పూడ్చేద్దామంటున్నాడని చెప్పాడు. "తూము వేయించి దారిస్తాన్లే, నవంబరు మళ్లీ రాదేంటి" అన్నాడు మామయ్య. వంగి, బోదెలో కొత్తగా మొలుస్తున్న తూటికాడను వేళ్లతో పీకి గట్టుమీదికి విసిరాడు.